మెట్ల కింద మొదటి బస్తా

గణేశ్వరరావు ఎరువుల గొడౌను మేడ మీద ఉంటుంది. ఎరువుల గొడౌను ఎవడైనా మేడ మీద పెడతాడా అని అడగకండి. పెట్టాడు. కింద ఉన్న గొడౌనుని మోటారు సైకిళ్ళ షోరూముకి అద్దెకిచ్చేసి, లారీల్లో వచ్చే యూరియా, డీఏపీ, గంధకం అంతా పైకి ఎక్కించమన్నాడు. ఎక్కించేది ఆయన కాదు కాబట్టి ఆయన కంటికి మెట్లు మామూలుగానే ఉన్నాయి. నిటారు మెట్లు. ఒక పక్క గోడ, రెండో పక్క ఏమీ లేదు. పోయిన వానాకాలంలో తడిసిన మెట్టు మీద సోములు కాలు జారాడు. వీపు మీద బస్తాతో సహా కింద పడ్డాడు. బస్తా చిరగలేదు. సోములు నడుం విరిగింది.

అప్పటి నుంచి సోములు బలిఘట్టంలో తన ఇంట్లో మంచం మీదే ఉన్నాడు. అతని భార్య జోగులమ్మ మెట్ల పక్కనున్న గణేశ్వరరావు షాపుకి ఎదురుగా టీ బండి పెట్టుకుంది. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఆ మెట్ల వైపు చూస్తూ టీ కాస్తుంది.

బస్తాలు మోసే కలాసీల జట్టు అడిగింది ఒకటే. మేడ దూలానికి చైన్ పుల్లీ కట్టించు, బస్తాలు గొలుసుతో పైకి లాగుతాం, మనుషులం మొయ్యం. అంతే. గణేశ్వరరావు చూద్దాం అన్నాడు. రబీ వెళ్ళనీయండి చూద్దాం అన్నాడు. ఎండలు తగ్గనీయండి చూద్దాం అన్నాడు. చూడటానికి ఆయనకి కళ్ళు లేవని కాదు. మే నెల సగమయ్యేసరికి జట్టు మేస్త్రి సింగన్న తేల్చి చెప్పేశాడు: ఖరీఫ్ సరుకు వచ్చేలోగా పుల్లీ కట్టకపోతే మొదటి బస్తా ఎత్తను.

ఆ మాటకి నర్సీపట్నంలో విలువ ఉంది. ఇక్కడి జట్లకి ఒక కట్టుబాటు ఉంది. సీజన్లో మొదటి లారీ వచ్చినప్పుడు మొదటి బస్తా మేస్త్రి భుజానికెత్తాలి. అతను మోసుకెళ్ళి దించాకే మిగతావాళ్ళు లారీ మీద చెయ్యి వేస్తారు. మేస్త్రికి జ్వరమొస్తే లారీ అలాగే నిలబడుతుంది. అతను దించిన చోటే మిగతా బస్తాలు పడతాయి. ఒక మేస్త్రి దించినదాన్ని వేరే జట్టు ముట్టుకోదు. ఇది ఏ చట్టంలోనూ రాసి లేదు. చట్టంలో రాసినవి జరగవు గానీ ఇది జరుగుతుంది.

గణేశ్వరరావుకి ఆ సంగతి తెలుసు. అందుకే రెండు రోజులు గొడవ పెట్టుకోకుండా ఊరుకుని, మూడో రోజు సింగన్నని షాపులోకి పిలిచి కుర్చీ వేయించాడు. కలాసీకి కుర్చీ వేస్తే ఏదో ఉందని అర్థం.

"సింగన్నా, నీకు పాస్‌పోర్టుంది కదా?"

ఉంది. దుబాయి పోదామని ఎప్పుడో తీయించుకున్నాడు. ఏజెంటు పారిపోయాడు, పాస్‌పోర్టు మిగిలింది.

"పురుగుమందుల కంపెనీవోళ్ళు డీలర్లకి టూరేసినారు. ఇండోనేసియా. మూడు దీవులు, మూడు అగ్నిపర్వతాలు. గైడు ఎనకాల నడుసుకుంటా ఎక్కడం. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. నా బదులు షాపు మనిషి ఎవరెళ్ళినా పరవాలేదంట. నువ్వెళ్ళు."

"నానా?"

"కొండలు నీకేటి కొత్తా? మీ నాన్న కావిడేసుకుని సంతకి దిగినోడే కదా."

అది నిజమే. సింగన్న తండ్రి ఏజెన్సీ కొండల్లో పసుపూ చింతపండూ కావిడిలో పెట్టుకుని కొండ దిగి నర్సీపట్నం వచ్చేవాడు. ఒక ఏడాది దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు, ఇక్కడే కలాసీ అయిపోయాడు.

"మరి పుల్లీ మాటేటి బాబూ?"

"వచ్చాక మాటాడుకుందాం. పుల్లీ ఎక్కడికి పోతాది?"

ఆ సాయంత్రం టీ బండి దగ్గర జట్టంతా చేరింది. మత్స్యలింగం మొదలెట్టాడు. జట్టులో సింగన్న తర్వాత బలమైనవాడు అతనే. నోటికి మాత్రం సింగన్న కన్నా ముందు.

"ఏటి మేస్త్రీ, ఇమానం ఎక్కేస్తన్నావంట? నన్ను కూడా ఓ బస్తా అనుకుని ఏసీసుకో. మాటాడకుండా పడుంటాను."

"నువ్వు మాటాడకుండా ఉంటే ఇమానం ఎగరదురా," అన్నాడు ఇంకొకడు.

జోగులమ్మ గ్లాసులు కడుగుతూ, తల ఎత్తకుండానే అంది. "దాన్ని లంచం అంటారు అన్నయ్యా."

"లంచం తిన్నోడు నోరు మూసుకుంటాడు. నాను మూసుకుంటానన్నానా? ఇనండి," అన్నాడు సింగన్న. "నాను ఊళ్ళో లేకపోతే మొదటి బస్తా ఎవులెత్తుతారు? ఎవులూ ఎత్తరు. నాను తిరిగొచ్చేదాకా లారీ దిగదు. ఆయన కర్సుతోనే ఆయన సరుకు ఆపుతన్నాను. తిరిగొచ్చేసరికి షావుకారే పుల్లీ అట్టుకుని బస్సుకి ఎదురొస్తాడు."

జట్టు నవ్వింది. మత్స్యలింగం తొడ కొట్టాడు. జోగులమ్మ నవ్వలేదు.

"నీ తెలివి సూత్తే నాకెందుకో బయమేస్తంది," అంది.

*

టూర్ అంటే ఏమిటో సింగన్నకి మొదటి దీవి బాలిలోనే అర్థమైంది. పొద్దున్నే లేపుతారు. అందరికీ ఒకే రంగు బనీను, దాని మీద కంపెనీ బొమ్మ. కంపెనీ మనిషి సూర్యప్రకాష్ ముందు నడుస్తూ వీడియో తీస్తాడు. వెనక రకరకాల జిల్లాల డీలర్లు. రెండు మలుపులు ఎక్కి ఆయాసపడి, ఇంకెంత దూరం అని గైడుని అడుగుతారు. గైడు పది నిమిషాలంటాడు. ప్రపంచంలో గైడులందరూ పది నిమిషాలే అంటారు కాబోలు.

కొండ పైన మంట ఉంటుందనుకున్నాడు సింగన్న. కోతులున్నాయి. రాళ్ళ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. ఆ ఆవిరిలో కోడిగుడ్లు ఉడకబెట్టి తలా ఒకటి ఇచ్చారు. పాయకరావుపేట డీలరు మన్మథరావు తన గుడ్డు తినేసి, సింగన్న గుడ్డు కూడా అడిగి తిన్నాడు.

రెండో దీవికి పడవలో వెళ్ళారు. ఆ కొండ మరీ పెద్దది. డీలర్లు మొదటి పాక దగ్గరే కూలబడి, ఇక్కడి నుంచి బాగానే కనబడుతోంది కదా అని తీర్మానం చేసుకుని దిగిపోయారు. సింగన్న కూడా వాళ్ళతోనే దిగాడు. ఎక్కలేక కాదు. ఒక్కడూ ఎక్కి ఏం చెయ్యాలో తెలియలేదు.

అతను అలిసిపోయాడు. ఎందుకో అతనికే అర్థం కాలేదు. పాతికేళ్ళుగా ఏ రోజూ ఉత్త భుజంతో ఇంత దూరం నడవలేదు. వీపు మీద బరువుంటే మెడ వంగుతుంది, కాలు ఎక్కడ వెయ్యాలో కాలికే తెలుస్తుంది. ఇప్పుడు మెడ ఖాళీ, చేతులు ఖాళీ. నడిచి నడిచి ఎక్కడా ఏమీ దించకుండా వెనక్కి రావడం. పని చేసిన అలసటైతే పడుకుంటే పోతుంది. ఇది పోలేదు. కంపెనీ బూట్లు మడమ కొరికేశాయి. అన్నం దగ్గర డీలర్లు స్కీముల గురించి మాట్లాడుకుంటుంటే, తను ఎందుకొచ్చాడో గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చేది. లారీ ఆపడానికి వచ్చాను, అనుకునేవాడు. ఇంట్లో ఉన్నప్పుడు గట్టిగా అనిపించిన ఆ మాట సముద్రం మధ్యలో కాస్త వదులుగా అనిపించింది.

మూడో దీవి జావా. అక్కడి కొండలో గంధకం గని ఉంది. చీకట్లో బయల్దేరితే నీలి మంట కనబడుతుందని గైడు హర్జో చెప్పాడు. టిఫిన్ చెయ్యకుండా ఏ మంటా చూడమని డీలర్లు చెప్పారు. కాబట్టి ఎండెక్కాకే కదిలారు. హర్జో పెద్దవాడు. ఒకప్పుడు ఆ గనిలోనే గంధకం మోసేవాడట. ఇప్పుడు టూరిస్టుల్ని తోలుకెళ్తున్నాడు. దారిలో సింగన్న బనీను మెడ జారి, మోసి మోసి భుజం మీద కాసిన కాయ కనబడితే, హర్జో వేలు పెట్టి నొక్కి చూశాడు. తన చొక్కా పక్కకి లాగి తన కాయ చూపించాడు. ఏ భాషా అక్కర్లేకుండా ఇద్దరూ నవ్వుకున్నారు. టూర్ మొత్తంలో సింగన్న నవ్వింది అదే మొదటిసారి.

కొండ మీదికి బండ్లున్నాయి. రెండు చక్రాల ఇనప తోపుడు బండ్లు. నడవలేని టూరిస్టులని వాటిలో కూచోబెట్టి, ఇద్దరు ముందు తాడుతో లాగుతారు, ఒకడు వెనక నుంచి నెడతాడు. మన్మథరావు ముందుగా పోయి ఎక్కి కూచున్నాడు.

"నడక టూరంటే ఇదే సింగన్నా! నడిసేవోళ్ళని సూడ్డం!" అని కేకేశాడు.

బండి లాగేవాళ్ళ పిక్కలు చూస్తూ సింగన్న వెనకాల నడిచాడు.

కొండ అంచున నిలబడితే కింద పెద్ద గొయ్యి. గొయ్యి అడుగున పచ్చటి నీలం రంగులో చెరువు, గట్టున పసుప్పచ్చ పొగ. ముక్కు మండింది. ఆ వాసన సింగన్నకి తెలుసు. మేడ మీద గొడౌనులో చివరి గదిది ఆ వాసన. గొయ్యిలోంచి మనుషులు వరసగా పైకి వస్తున్నారు. భుజాన వెదురు కావిళ్ళు. రెండు బుట్టల్లోనూ పసుప్పచ్చ గంధకం గడ్డలు.

బక్కపల్చటి మనిషి ఒకడు పైకి వచ్చి, అంచున తన కావిడి దించి, చెమట తుడుచుకున్నాడు. సూర్యప్రకాష్ అతనికి ఏదో ఇచ్చి, ఫోటో అన్నాడు. అతనికి ఇది అలవాటులా ఉంది. పక్కకి తప్పుకున్నాడు. డీలర్లు ఒక్కొక్కరే వచ్చి కావిడి ఎత్తబోయారు. అది నేల వదల్లేదు. ఒకాయన బొర్లాపడ్డాడు. పకపకా నవ్వుకున్నారు. ఆ మనిషీ నవ్వాడు. అతని పనిని అందరూ ఆటగా ఆడుతుంటే అతనింకేం చేస్తాడు.

"మన దగ్గర కలాసీ ఉండగా మనకెందుకయ్యా ఈ అవస్థ!" బండిలోంచే అరిచాడు మన్మథరావు. "సింగన్నా! నర్సీపట్నం పరువు!"

అందరూ చప్పట్లు కొట్టారు. సింగన్న వద్దని చెయ్యి ఊపాడు. వద్దన్నది చెయ్యి మాత్రమే. కావిడి కనబడిన దగ్గర్నుంచీ భుజం దాని వైపే లాగుతోంది. తండ్రి కావిడి అతనికి అందకముందే పొయ్యిలోకి పోయింది. అదీగాక, మేస్త్రి నిలబడి ఉండగా నేల మీద బరువుందంటే మొదట ఎత్తవలసింది ఎవరు? పాతికేళ్ళుగా ఒళ్ళు నేర్చుకున్నది అదొక్కటే. సింగన్న వెళ్ళి, కావిడి బద్ద కింద భుజం పెట్టి, మోకాలు మడిచి లేచాడు.

లేచింది. డీలర్లు ఈలలు వేశారు. సింగన్న అడుగేశాడు. బుట్టలు ఊగకుండా నడుం కదిలించడం తండ్రిని చూసి నేర్చుకున్నదే, మరిచిపోలేదు. ఇన్నాళ్ళ తర్వాత కాలికి మళ్ళీ దారి తెలిసింది. అతను నవ్వాడు. నవ్వుతూ అంచు వెంట నడిచాడు. సూర్యప్రకాష్ ఫోను పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ, "సూపర్, సూపర్, ఇటు చూడు," అంటూ తీశాడు.

మలుపు తిరిగాక పొగ కమ్మింది. ఊపిరి అందలేదు. ఎక్కడ దించాలో తెలియక ఇంకో నాలుగడుగులు వేశాడు. నడుములో ఏదో తెగినట్టయింది. కావిడి దించడం కాదు, దాని కింద కూలబడ్డాడు. చప్పట్లు కొట్టినవాళ్ళు అక్కడికి రాలేదు. సూర్యప్రకాష్ అప్పటికే ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

వచ్చింది ఆ బక్కపల్చటి మనిషి. ఖాళీ ఇనప బండి తోసుకుంటూ వచ్చాడు, వెనక హర్జో. గంధకం గడ్డలు బండిలోకి వేసుకుంటూ సింగన్నని చూసి ఏదో అన్నాడు. హర్జో దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. సూర్యప్రకాష్ నవ్వుతూ తెలుగులో చెప్పాడు.

"బండి ఉండగా నువ్వెందుకు మోస్తున్నావు అని అడుగుతున్నాడు. గొయ్యిలో చక్రం దిగదు కాబట్టి పైదాకా భుజాన మోస్తారంట. ఇక్కడికొచ్చాక బండే. ఒకప్పుడు కొండ కిందిదాకా భుజమేనంట. ఇప్పుడు ఎవరూ మొయ్యరంట."

 సింగన్నకి నేల మీద చెయ్యి ఆనించి లేవడానికి చాలాసేపు పట్టింది.

*

విశాఖపట్నంలో విమానం దిగి, బస్సులో నర్సీపట్నం చేరేసరికి ఆర్టీసీ కాంప్లెక్సులో మత్స్యలింగం నిలబడి ఉన్నాడు. పుల్లీ పట్టుకుని ఎవరూ ఎదురు రాలేదు.

"ఈరోగారు దిగీసినారు!" అన్నాడు మత్స్యలింగం. సంచీ అందుకున్నాడు గానీ మొహం చూడలేదు.

"లారీ వొచ్చిందేటి?"

"వొచ్చింది, దిగింది, ఎల్లిపోయింది. ఒకటి కాదు, రొండు."

సింగన్న ఆగిపోయాడు. "మొదటి బస్తా ఎవులెత్తినారు?"

"నువ్వే కదా ఎత్తినావు."

ఆటో కోసం నిలబడి మత్స్యలింగం చెప్పాడు. లారీ వచ్చిన పొద్దున్న జట్టు చేతులు కట్టుకుని కూచుంది. గణేశ్వరరావు ఒక్క మాట అనలేదు. పురుగుమందుల ప్రకటనలు వేసే షాపు టీవీలో, సూర్యప్రకాష్ పంపిన వీడియో పెట్టాడు. మీ మేస్త్రి సీజన్లో మొదటి బస్తా ఎత్తీసినాడు, అది కూడా గంధకమే, ఇంకేటి మీకు అడ్డం, అన్నాడు.

"కుర్రోళ్ళు ఈలలేసినారు. నానూ ఏసినాను, అబద్దం ఎందుకు. నువ్వలాగ నడుత్తుంటే ఒళ్ళు పొంగిపోయింది మేస్త్రీ. ఆ ఊపులో లేసి ఎత్తీసినాం. సగం లారీ అయ్యాక గానీ ఏటి సేసినామో తెలీలేదు."

"ఎవులైనా పడ్డారా?"

"లేదు. ఆ మాట ముందడగాల నువ్వు."

షాపులో గణేశ్వరరావు మిఠాయి పొట్లం తీసి ఎదురొచ్చాడు. "కింగువయ్యా నువ్వు! డీలర్ల గ్రూపులన్నిట్లోనూ నీ ఈడియోనే తిరుగుతంది. నర్సీపట్నం కలాసీ అంటే ఏటో సూపించినావు."

"పుల్లీ, బాబూ."

"ఇంకా పుల్లీ ఏటి సింగన్నా? అంత బరువు నువ్వు నవ్వుతా మోత్తే, దాంట్లో సగం ఈ కుర్రోళ్ళు మొయ్యలేరా? ఇప్పుడు పుల్లీ అంటే ఊరు నవ్వుతాది. నీ పరువే పోతాది." ఆయన మాటలో వెటకారం లేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు. వీళ్ళతో వచ్చే చిక్కే అది.

బయటికి వస్తే టీ బండి. జోగులమ్మ గ్లాసు చేతికిచ్చింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"సోములు కూడా సూసినాడు నీ ఈడియో," అంది. "పక్కింటోళ్ళ ఫోన్లో. 'మేస్త్రి బాగా నడిసినాడే, బరువు ఊగలేదు' అన్నాడు. మళ్ళీ పెట్టమని రొండోసారి సూసినాడు. మెచ్చుకున్నాడు."

సింగన్న గ్లాసు బండి మీద పెట్టేశాడు. చెప్పుతో కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఇంటి దగ్గర భార్య మంగ అతని నడుముకి మందు రాస్తూ, చేత్తో ఎక్కడ తాకినా అతను ముడుచుకుపోవడం చూసింది. "ఆ ఈడియోలో లేనిది ఇదేనా?" అంది. అతను ఊఁ కొట్టాడు. "అయితే నడుం పట్టీసిందని సెప్పీసి కొన్నాళ్ళు ఇంట్లో కూకో. ఎవులూ ఏటీ అనరు. మేస్త్రిరికం లింగడు సూసుకుంటాడు."

అది సులువు. పరువు పోదు, గొడవ ఉండదు, నడుముకి విశ్రాంతి. సింగన్న గోడకి తిరిగి పడుకున్నాడు. మెట్లు మాత్రం అలాగే ఉంటాయి.

*

మూడో లారీ మబ్బు పట్టిన పొద్దున్న వచ్చింది. కొండల వైపు ఆకాశం నల్లగా దిగింది. మొత్తం యూరియా. లారీ షోరూము ముందు వెనక్కి తిరిగి ఆగింది. జట్టు తలకి గోనెసంచులు కప్పుకుని తయారుగా ఉంది. మత్స్యలింగం లారీ వెనక తలుపు, డాలా మీద చెయ్యి వేశాడు.

"ఆగరా," అన్నాడు సింగన్న. "మొదటి బస్తా ఇంకా ఎత్తలేదు."

మెట్ల దగ్గర కుర్చీ వేసుకున్న గణేశ్వరరావు తల తిప్పాడు. "అదేటి? ఎత్తీసినావు కదా!"

"అది కొండ మీద ఎత్తింది బాబూ. కొండ మీదే దించీసినాను. ఇది నర్సీపట్నం. ఇక్కడ ఎత్తాల."

గణేశ్వరరావుకి అది బాగా నచ్చింది. కొబ్బరికాయ తెమ్మన్నాడు. తన ఫోను బయటికి తీశాడు. ఇంకో వీడియో అవుతుంది కదా. టీ బండి దగ్గర తాగుతున్నవాళ్ళు గ్లాసులతో సహా దగ్గరికొచ్చారు. ఒకడు ఈల వేశాడు.

సింగన్న డాలా దగ్గరికి వెళ్ళి వీపు వంచాడు. లారీ మీది మనిషి బస్తా అంచుకి జరిపాడు. భుజానికి తగిలేసరికి సింగన్న నడుం వద్దంది. అతను అలాగే వంగి ఉండిపోయాడు. అందరూ చూస్తున్నారు. మేస్త్రి మొదటి బస్తాకి ఎవరూ చెయ్యి వెయ్యరు. వేయించుకున్న మేస్త్రి ఇంతవరకూ లేడు.

"లింగా," అన్నాడు సింగన్న. "ఓ సెయ్యెయ్యి."

మత్స్యలింగం వినబడనట్టు నిలబడ్డాడు.

"సెయ్యెయ్యరా. నాను ఒక్కణ్ణీ ఎత్తలేను. ఆ ఈడియోలో మలుపు దాకానే ఉంది. మలుపు తిరిగినాక పడిపోనాను. కావిడి కింద కూలబడ్డాను. నడుం పోయింది. ఆ మోసేవోడు బండి తోసుకొచ్చి, సెక్రాలుండగా నువ్వెందుకు మోత్తన్నావురా అని అడిగినాడు. నాకాడ జవాబు లేదు. మీకాడ ఉంటే సెప్పండి."

ఈల వేసినవాడు ఆపేశాడు. గణేశ్వరరావు ఫోను ఇంకా పట్టుకునే ఉన్నాడు గానీ ఏం తీస్తున్నాడో ఆయనకే తెలియడం లేదు. మత్స్యలింగం మొహం ఎర్రబడింది. మేస్త్రి పడవలసిన సిగ్గు అతను పడుతున్నట్టున్నాడు. ముందుకొచ్చి బస్తా కింద చెయ్యి పెట్టి లేపాడు. బస్తా సింగన్న వీపు మీదికి వచ్చింది.

సింగన్న మెట్ల వైపు నడిచాడు. ఒక్కో అడుగూ నేలని అడిగి వేస్తున్నట్టు వేశాడు. మొదటి మెట్టు దగ్గరికి వచ్చి ఆగాడు. గణేశ్వరరావు దారి ఇవ్వడానికి కుర్చీ జరుపుకున్నాడు. సింగన్న మెట్టెక్కలేదు. పక్కకి తిరిగి, మోకాలు వంచి, మెట్ల కింద, షోరూము షట్టరుకి ఆనించి బస్తా దించాడు. దాని మీదే కూచున్నాడు.

"మొదటి బస్తా దిగింది," అన్నాడు. "మా భుజం ఇక్కడిదాకానే. పైకి మీ గొలుసు లాగాల."

 మత్స్యలింగం లారీ దగ్గరికి వెళ్ళి బస్తా ఎత్తుకొచ్చి దాని పక్కన పడేశాడు. తర్వాత ఇంకొకడు. తర్వాత వరస. దించాల్సిన చోటు మేస్త్రి చూపించాడు, ఇంక వాళ్ళు ఆలోచించవలసింది ఏముంది. బస్తాలు షట్టరుకి అడ్డంగా లేస్తున్నాయి.

"ఒరే! ఒరే! అక్కడ కాదు! పైకి! వానొస్తాది!" గణేశ్వరరావు గొంతు చించుకున్నాడు.

"వొస్తే కరిగిపోతాది షావుకారూ," అన్నాడు మత్స్యలింగం బస్తా కింద నుంచి. "మొయ్యడానికి మాకూ తేలిక."

షోరూము మేనేజరు కళావతి పక్క తలుపు తీసుకుని బయటికొచ్చింది. "ఏంటండీ ఇది, మా షట్టరు ముందు? ఇవాళ మాకు డెలివరీలున్నాయి. మీ అద్దె మీకు టైముకి కడుతున్నామా లేదా?"

గణేశ్వరరావు ఆమెకి చేత్తో ఆగమని చెప్పి, పక్కనున్న నాతవరం జట్టు మేస్త్రికి ఫోను చేశాడు. చెవి సరిగా వినబడదు కాబట్టి ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు. అందరికీ వినబడింది.

"బేగి జట్టునేసుకుని ఆటోలెక్కి వొచ్చీయండి. లారీ దించాల."

"మొదటి బస్తా పడిందా షావుకారూ?"

"పడింది."

"ఎక్కడ?"

గణేశ్వరరావు నీళ్ళు నమిలాడు. "మెట్ల కింద."

"సింగన్న దించినాడా?"

"ఆఁ, అయితే ఏటి?"

"అయితే మేం ముట్టం కదా బాబూ. ఆ మెట్లు మేమూ ఎరుగుదుం." ఫోను పెట్టేశాడు.

ఒక చినుకు కుర్చీ చేతి మీద పడింది. గణేశ్వరరావు దాన్ని చూశాడు, బస్తాలని చూశాడు, షట్టరు ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ కళావతిని చూశాడు. జట్టు వైపు మాత్రం చూడలేదు. లేచి షాపులోకి పోయి, టార్పాలిన్లు తీసి బయటికి విసిరాడు. తర్వాత అబీద్ సెంటర్లో ఇనప సామాన్ల షాపుకి ఫోను చేశాడు. ఈసారి స్పీకరు పెట్టలేదు. అయినా, "చైన్ పుల్లీ ఉందా? ఇయ్యాలే కట్టీవోళ్ళు కావాల," అన్నది ఎదురుగా టీ బండి దాకా వినబడింది.

ఎవరూ కేకలు వెయ్యలేదు. ఎవరికీ అంత ఓపిక లేదు. లారీలో ఇంకా సగం ఉంది, వాన వచ్చేలోగా దించి కప్పాలి. దించుతున్నారు.

జోగులమ్మ టీ తీసుకుని రోడ్డు దాటి వచ్చింది. బస్తా మీద కూచున్న సింగన్న చేతిలో గ్లాసు పెట్టి, మేడ దూలం వైపు ఒకసారి చూసింది.

"పుల్లీ వొస్తాది, సరే," అంది. "సోములు నడుం?"

సింగన్న తల వంచుకుని టీ తాగాడు.  

"సాయంత్రం ఇంటికొచ్చి ఆడికి నువ్వే సెప్పు," అంది. "పడిపోనావని. లేపోతే ఆ ఈడియోనే సూత్తా ఉంటాడు."

"సెప్తాను."

ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. చినుకులు పెద్దవయ్యాయి. సింగన్న కూచున్న బస్తా మీద కూడా టార్పాలిన్ కప్పాలి. అతను లేవబోయాడు. నడుం లేవనివ్వలేదు. చుట్టూ చూసి, చెయ్యి చాపాడు.

"లింగా, సెయ్యియ్యి."

ఈసారి మత్స్యలింగం వెంటనే వచ్చాడు.